నాన్నమ్మ ఒక్కపొద్దులు, నా సైను గీత

మా నాన్నమ్మ అల్లాకు ఒక్కపొద్దులు బాకీ ఉండేది. మా ఇళ్లల్లో రోజా అనే మాట తెలియక కాదు, నోటికి వచ్చేది మాత్రం ఒక్కపొద్దే. రంజాను నెలలో కడుపుతో ఉన్నవాళ్లు, పాలిచ్చే తల్లులు, జబ్బుపడినవాళ్లు వాటిని మానేయవచ్చు. కాకపోతే ఆ తర్వాత ఏడాదిలో ఎప్పుడో ఒకప్పుడు, ఒకదానికి ఒకటి చొప్పున తీర్చుకోవాలి. నాన్నమ్మ బిడ్డల్ని కంటూ, పాలిస్తూ, పత్తిచేలకూ మిరపచేలకూ కూలికి పోతూ ఆ తీర్చుకోవడాన్ని వాయిదా వేసుకుంటూ వచ్చింది. వాయిదాలు వేయడంలో మా ఇంటిల్లిపాదీ ఆవిడ పోలికే. అందరి పెళ్లిళ్లూ అయిపోయి, తాతయ్య కూడా పోయి, ఆవిడకు తీరిక దొరికేసరికి ఒంట్లో ఓపిక మిగల్లేదు.

మేముండేది మార్టూరుకు దగ్గర్లో, రోడ్డు పక్క ఊరు. రోడ్డుకు అటువైపు గ్రానైటు పలకలకు పాలిషు పట్టే యూనిట్లు, ఇటువైపు మా నాన్న దూదేకే కొట్టు. తాతయ్య కాలంలో విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి దూది ఏకేవారట. నాన్న మిషను పెట్టి, కూర్చున్న చోటే పరుపులు, దిండ్లు కుట్టేవాడు. అటు రాతి దుమ్ము, ఇటు దూది దుమ్ము. ఇంట్లో ఎవరు తుమ్మినా అది ఏ దుమ్ము వల్లో తేలేదాకా అమ్మకూ నాన్నకూ వాదన నడిచేది.

నేను ఇంటర్లో చేరబోయే ముందు వేసవిలో నాన్నమ్మ మిరప కల్లంలో పడిపోయింది. ఎండిన కాయలకు తొడిమలు తీసే పనికి వెళ్లింది. ఏప్రిల్ ఎండ, ఎదురుగా మనిషెత్తు కాయల రాశి, ఆ ఘాటు. కడుపునిండా తిన్నవాళ్లకే అక్కడ కళ్లు తిరుగుతాయి. ఈవిడేమో ఎవరికీ చెప్పకుండా ఒక్కపొద్దు ఉంది. ఇంటి దగ్గర అమ్మ చేత సద్ది కట్టించుకుని వెళ్లి, అది పక్కనామెకు పెట్టేసి, ఖాళీ గిన్నె తెచ్చి బుద్ధిగా కడిగి బోర్లించేదని అప్పుడు బయటపడింది.

నాన్న ఆటోలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. వెంట నేనూ ఉన్నాను. డాక్టరు బీపీ చూసి మండిపడ్డాడు.

"ఈ వయసులో, ఈ ఎండల్లో ఉపవాసాలేంటమ్మా? ప్రాణం మీద ఆశ లేదా?"

"ఉండబట్టేగా నాయనా తీర్చుకుంటున్నా. మరి ఎప్పుడు ఉండమంటావో చెప్పు" అంది నాన్నమ్మ.

"పొద్దు చిన్నగా ఉండే చలికాలంలో చూద్దాం. అది కూడా ముందు నాకు చూపించుకుని."

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో తేలిందేమిటంటే, డాక్టరు మాటల్లో నాన్నకు మొదటి సగమే వినపడింది, నాన్నమ్మకు రెండో సగమే వినపడింది.

"ఇంక రంజాను నెల తప్ప ఒక్కపొద్దు మాట ఎత్తొద్దమ్మా. నీకేదన్నా అయితే నేనేం గావాల?" అన్నాడు నాన్న. కోపంగానే మొదలుపెట్టాడు గానీ చివరికి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"బాకీ తీరకుండా పోతే నేనేం గావాల?" అంది ఆవిడ, నాన్న మోకాలి మీద చెయ్యి వేసి.

మా నాన్నమ్మకు చావు భయం లేదు. అక్కడికి వెళ్లాక తల దించుకుని నిలబడాల్సి వస్తుందేమోనని మాత్రం నిజంగా భయపడేది. ఆ భయాన్ని నేను ఎప్పుడూ నవ్వులాటగా తీసుకోలేకపోయాను. మిగతా విషయాల్లో ఆవిడను ఆటపట్టించడానికి ఏ అవకాశమూ వదిలేదాన్ని కాదు.

నేను ఎంపీసీలో చేరాను. చేరిన వారానికే నాన్నమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఏమే, నువ్వు చదివేది లెక్కలేగా?"

"లెక్కలే."

"ఏడాది మొత్తంలో పొద్దు అన్నిటికన్నా చిన్నగా ఉండేది ఏ రోజుల్లోనో తేల్చి చెప్పు. మీ నాయనకు నోటితో చెప్తే వినడు. లెక్క గీసి చూపిస్తే వింటాడు. నన్నడిగితే సంక్రాంతి పోయినాక అనుకో. అప్పుడు సహరీకి లేవాలంటే ఎంత తీరిగ్గా లేవచ్చో! అయినా నా మాట ఎవరికి కావాల?"

సహరీ అంటే తెల్లవారకముందు తినే అన్నం. అక్కడి నుంచి సాయంత్రం మగ్రిబ్ అజాన్ దాకా మంచినీళ్లు కూడా ముట్టకూడదు. ఈ రెండింటి మధ్య దూరం ఎప్పుడు తక్కువగా ఉంటుందన్నది ఆవిడ ప్రశ్న. అదెంతసేపు పని, రేపు చెప్తానన్నాను. అప్పటికి నేను పదో తరగతి లెక్కల్లో మంచి మార్కులు తెచ్చుకున్న గర్వంలో ఉన్నాను.

ఆ గర్వం త్రికోణమితి మొదలయ్యేదాకానే నిలిచింది. పదో తరగతిలో సైను అంటే ఎదుటి భుజాన్ని కర్ణంతో భాగించడం. త్రిభుజం కళ్లముందు ఉండేది, భుజాలు ఉండేవి, భాగించేవాళ్లం. ఇంటర్లో మా లెక్కల సారు ఉన్నట్టుండి నూటఇరవై డిగ్రీలకు సైను, రెండువందల పది డిగ్రీలకు కొసైను అనడం మొదలుపెట్టారు. నేను లేచి నిలబడ్డాను.

"లంబకోణ త్రిభుజంలో ఇంకో కోణం తొంభై ఎట్టా దాటుద్ది సార్?"

క్లాసంతా నవ్వింది. సారు నవ్వలేదు. "త్రిభుజాన్ని వదిలెయ్. వృత్తాన్ని పట్టుకో" అన్నారు. ఇంకా ఏదో చెప్పబోతుంటే గంట కొట్టేశారు. మర్నాడు వృత్తపు నాలుగు పాదాల్లో సైను, టాను, కొసైనుల్లో ఏది ఎక్కడ ధనాత్మకమో గుర్తుండడానికి 'ఆల్ సిల్వర్ టీ కప్స్' అని బట్టీ పట్టించారు. స్టీలు గ్లాసులో టీ తాగే ఇంటి పిల్లని, ఆ వెండి కప్పుల్ని రాత్రీ పగలూ వల్లించాను. మార్కులు వచ్చాయి గానీ తలలోకి ఏమీ ఎక్కలేదు. సైను గీత బోర్డు మీద పాములా మెలికలు తిరుగుతూ పోయేది. అది ఎందుకలా మెలికలు తిరగాలో, గోడలా నిటారుగా ఎందుకు లేవకూడదో నాకు ఒక్క ముక్క తెలిసేది కాదు.

తెలిసింది మా కొట్లోనే. దూదేకే మిషనుకు పక్కన పెద్ద ఇనప చక్రం ఉండేది. ఒక ఆదివారం నాన్నకు టీ ఇవ్వడానికి వెళ్లి పక్క గుమ్మంలో నిలబడ్డాను. కరెంటు పోయింది. చక్రం వెంటనే ఆగదు కదా, మెల్లమెల్లగా తిరుగుతోంది. దాని అంచుకు ఒక దూదిపోగు అంటుకుని ఉంది. నేను నిలబడిన చోటికి చక్రం అంచువైపు నుంచి కనపడుతుంది కాబట్టి అది గుండ్రంగా లేదు, నిలబెట్టిన గుంజలా ఉంది. దూదిపోగు ఆ గుంజ మీద పైకీ కిందికీ పోతున్నట్టుంది. మధ్యలో ఇరుసు దగ్గర గబుక్కున పోతోంది. పైకొసకు చేరేటప్పుడు నెమ్మదిస్తోంది, అక్కడ ఒక క్షణం ఆగినట్టే ఆగి, మళ్లీ కిందికి దిగుతోంది. కింద కూడా అంతే.

చక్రం ఒక చుట్టు తిరిగేలోపు దాని వేగంలో చెప్పుకోదగ్గ మార్పేమీ లేదు. తిరిగేదాన్ని పక్కనుంచి చూస్తే అట్లా కనపడుతోంది, అంతే. చక్రం వ్యాసార్ధాన్ని ఒకటి అనుకుంటే, ఇరుసు నుంచి ఆ పోగు ఎంత ఎత్తున ఉందో అదే సైను. చక్రం ఎన్ని డిగ్రీలు తిరిగినా, తొంభై దాటినా, నూరుచుట్లు తిరిగినా పోగు ఏదో ఒక ఎత్తున ఉంటుంది. ఇరుసు కిందికి పోతే ఎత్తు రుణాత్మకం. ఇంక త్రిభుజంతో పనేముంది?

"నాన్నా, ఇదే! సైనంటే ఇదే!" అని అరిచాను. చేతిలో టీ కొంచెం పరుపు గుడ్డ మీద ఒలికింది.

"ఏంది ఇదే? కరెంటు పోతే మిషను ఆగిపోదా?" అన్నాడు నాన్న, మరకవైపు చూస్తూ.

కుట్టి పేర్చిన పరుపుల మీదికి ఎక్కాను. నాన్న తిడుతున్నా వినిపించుకోలేదు. పైనుంచి చూస్తే అదే పోగు కుడికీ ఎడమకీ పోయి వస్తోంది. అది కొసైను. పక్కనుంచి చూసినప్పుడు పోగు పైకొసలో ఆగినట్టుంటే, పైనుంచి చూసినప్పుడు అదే క్షణంలో మధ్యలో పరుగెడుతూ ఉంటుంది. ఒకటి కొసకు చేరినప్పుడు రెండోది నడిమధ్యలో ఉంటుంది. రెండు వేర్వేరు పాఠాలని వారాల తరబడి కంఠస్థం చేసినవి ఒక్క దూదిపోగు చేసే పనులే. సంతోషం పట్టలేక ఆ పరుపుల మీదే కూర్చుండిపోయాను. ఇప్పటికీ ఆ విషయం ఎవరికైనా చెబుతుంటే నాకు గొంతు పెరుగుతుంది.

అప్పుడు గుర్తొచ్చింది నాన్నమ్మ ప్రశ్న. పొద్దు కూడా ఏడాదికొకసారి పెరిగి తరిగి మళ్లీ మొదటికొస్తుంది. మరి అది కూడా ఇట్లాగే నడుస్తుందా? మా ఇంట్లో గోడకు ఒక క్యాలెండరు ఉండేది, ప్రతి తేదీకీ నమాజు వేళలు ముద్రించినది. గ్రాఫు కాగితం మీద అడ్డంగా పన్నెండు నెలలు, నిలువుగా మగ్రిబ్ వేళలు పెట్టి చుక్కలు గుర్తించాను. చుక్కల్ని కలిపితే అల వచ్చింది! కుక్కర్ మూత తీసిన అమ్మను కూడా లాక్కొచ్చి చూపించాను. అల అన్నిటికన్నా కిందికి దిగిన చోటు నవంబరు చివరి వారం.

"నాన్నమ్మా, నీ సంక్రాంతి తప్పు. నవంబరు చివర ఉండు. అప్పుడే అన్నిటికంటే తొందరగా పొద్దు గూకుద్ది" అని తీర్పు చెప్పాను.

ఆవిడ దూదిగింజలు ఏరుతూ తలెత్తింది.

"తొందరగా గూకితే సరిపోద్దా? తొందరగా తెల్లారదూ? కార్తీకంలో సహరీకి ఎంత ముందు లేవాలో నీకేం తెలుసు, నిన్ను లేపేసరికి నా ప్రాణం మీదికొస్తది. సంక్రాంతప్పుడైతే బోలెడంతసేపు పడుకోవచ్చు."

"సంక్రాంతికి సాయంత్రం ఆలస్యం కాదూ మరి?"

"ఆ సంగతి నేనెప్పుడు చూశా? సాయంత్రమైతే ఎట్టాగూ పొయ్యి దగ్గరే ఉంటాగా, పకోడీలు వేస్తా."

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నేను సాయంత్రం ఒక్కటే చూశాను. ఆవిడ జీవితమంతా తెల్లవారుజాము ఒక్కటే చూసింది. ఇంటిల్లిపాదినీ లేపి వండిపెట్టే మనిషికి ఒక్కపొద్దు చిన్నదా పెద్దదా అన్నది లేచే వేళను బట్టే తెలిసేది. తినడానికి తయారుగా వచ్చి కూర్చునే నాకేమో అజాన్ వేళే లెక్క. ఇద్దరికీ చెరో కొసే తెలుసు.

అదే కాగితం మీద సహరీ ముగిసే వేళల్ని కూడా గుర్తించాను. అది ఇంకో అల, దాని మలుపు జనవరిలో. ఆ రెండు అలలూ పొందిక లేకుండా ఉన్నాయి. తేదీ తేదీకీ ఒకదాంట్లోంచి ఒకటి తీసేశాను. మిగిలిందే ఒక్కపొద్దు నిడివి. ఆ మూడో గీత గీశాక కాగితాన్ని దూరంగా పెట్టి చూసుకున్నాను. అంత అందమైన, ఇటు ఎంతో అటు అంతే ఉన్న అల. దాని పల్లం సరిగ్గా డిసెంబరు మూడో వారం దాటాక వచ్చింది, నా నవంబరుకూ ఆవిడ జనవరికీ మధ్యలో.

మర్నాడు సారుకు చూపించాను. గడియారం నడిచినంత తిన్నగా సూర్యుడు నడవడని, ఏడాదిలో మధ్యాహ్నమే కొన్నాళ్లు ముందుకూ కొన్నాళ్లు వెనక్కూ జరుగుతుందని చెప్పారు. ఉదయాన్నీ సాయంత్రాన్నీ కలిపి ఒకవైపుకు జరిపేది ఏదైనా తీసివేతలో కొట్టుకుపోతుంది కాబట్టే మూడో గీత అంత శుభ్రంగా వచ్చిందన్నారు.

"ఇది సైనా, కొసైనా సార్?" అని అడిగాను.

"మార్చిలో పగలూ రాత్రీ సమానమైన రోజు నుంచి మొదలుపెట్టావనుకో, సైను. డిసెంబరులో పల్లం నుంచి మొదలుపెట్టావనుకో, తలకిందులైన కొసైను. గీత మారదమ్మా. నువ్వెక్కడ నిలబడి మొదలుపెట్టావన్నదే తేడా."

అప్పుడే ఇంకొకటి చూపించారు, నాకు ఆ రోజు అసలు వరం అదే. మార్చిలో గీత ఏటవాలుగా ఉంది, రోజుకు దాదాపు నిమిషం చొప్పున పొద్దు పెరుగుతుంది. డిసెంబరులో గీత దాదాపు చదును. ఆ పల్లానికి అటు మూడు వారాలు పోయినా ఇటు మూడు వారాలు పోయినా తేడా కొద్ది నిమిషాలే. కొసలో దూదిపోగు ఆగినట్టు పొద్దు కూడా అక్కడ ఆగుతుంది. అంటే నాన్నమ్మకు కావలసింది ఒక్క రోజు కాదు. వారాల తరబడి చిన్న రోజులున్నాయి.

చిక్కల్లా ఏమిటంటే, ఆ ఏళ్లల్లో రంజాను నెల సరిగ్గా ఆ పల్లంలోనే వచ్చి కూర్చునేది. ఒక్కపొద్దులకు అంత మంచి రోజులు మళ్లీ మన జీవితంలో రావని మసీదులో నమాజు చదివించే హజ్రత్ కూడా అనేవారు. రంజాను రోజుల్లో పాత బాకీలు తీర్చుకోవడం కుదరదు. నాన్నమ్మ మొహం చిన్నబోయింది.

"మంచి చోటంతా రంజానే తీసుకుంటే నాకేం మిగిలిందే?"

"గీత అటూ ఇటూ సమానం నాన్నమ్మా. పండగ అయిపోయినాక జనవరి మిగిలిద్ది. సంక్రాంతికి ఎంతో, నవంబరు చివర అంతే. అంటే నీ సంక్రాంతి నీకు దక్కింది."

"అంటే నేను చెప్పిందే రైటు."

"సగం."

"ఆ సగం చాల్లే" అని నా బుగ్గ గిల్లింది. ఆవిడ గిల్లితే రెండు రోజులు ఎర్రగా ఉండేది.

నాన్న దగ్గరికి గ్రాఫు కాగితం పట్టుకుని ఇద్దరం వెళ్లాం. సైను, కొసైను అని మొదలుపెట్టబోతే ఆపేశాడు. వేలు పెట్టి గీత వెంట ఏప్రిల్ దాకా పోయాడు. తన తల్లి కల్లంలో పడిపోయిన నెల అదని నాన్నకు గుర్తుంది. వేలు అక్కడ ఆగింది. ఆ తర్వాత వెనక్కి జరిపి జనవరికి తెచ్చాడు.

"ఇక్కడ చాప పరిచినట్టుందే" అన్నాడు.

"అందుకే ఇక్కడ ఉండమంటున్నా."

డాక్టరు సరేనన్నాడు. నాన్న తన షరతులు తను పెట్టాడు. వరసగా ఉండకూడదు, మధ్యలో వారం గడవాలి. ఆ రోజు కల్లానికీ చేనుకూ పోకూడదు. కళ్లు తిరిగితే వాదించకుండా నీళ్లు తాగాలి. నాన్నమ్మ అన్నిటికీ తలూపింది. ఆవిడ అంత వినయంగా తలూపడం నేను ముందెప్పుడూ చూడలేదు, నాకు నవ్వూ వచ్చింది, కళ్లల్లో నీళ్లూ వచ్చాయి.

ఆ చలికాలం నుంచి ఏటా ఆ వారాలు మా ఇంట్లో చిన్న పండగలా ఉండేవి. ఆవిడ ఒక్కపొద్దు ఉన్న రోజు అమ్మ కాలుమీద కాలేసుకుని కూర్చోనిచ్చేది కాదు నన్ను. శనగలు నానబెట్టించేది, అరటిపళ్లు తెప్పించేది, గంజి కాచేది. సాయంత్రం నాన్న కొట్లోంచి అరగంటకోసారి వచ్చి గుమ్మంలోంచి తొంగిచూసి, ఏదో మర్చిపోయినట్టు నటించి వెళ్లేవాడు. నాన్నమ్మ ఖర్జూరం చేతిలో పట్టుకుని అజాన్ కోసం చెవి పెట్టేది. ఖర్జూరం నోట్లో వేసుకున్నాక ఆవిడ ముఖంలో కనిపించిన నిమ్మళం ఇంకే ముఖంలోనూ నేను చూడలేదు. ఆవిడంటే నాకు ప్రాణం. ఆ నిమిషంలో ఇంకొంచెం ఎక్కువ.

సైను గీతను ఆవిడ తన పద్ధతిలో అర్థం చేసుకుంది. ఎండాకాలం పొద్దు ఎంతకీ గూకట్లేదని పక్కింటివాళ్లు విసుక్కుంటే, "పైకెక్కింది గదమ్మా, కాసేపు అలుపు తీర్చుకోనీ. దిగేటప్పుడు తనే పరుగెత్తుద్ది" అని చెప్పేది. ఆ మాటనే నేను చాలా ఏళ్లు నా క్లాసుల్లో వాడుకున్నాను. అవకలనం మొదలుపెట్టే రోజు, శిఖరం దగ్గర వాలు సున్నా ఎందుకవుతుందో చెప్పడానికి అంతకన్నా మంచి మాట నాకు దొరకలేదు. సైను ఎంత వేగంగా మారుతుందో చెప్పేది కొసైనేనని, అది సున్నా అయినప్పుడు సైను ఆగుతుందని ఆ మాట తర్వాత చెబితే పిల్లలకు వెంటనే ఎక్కేది.

ఏళ్లు గడిచాయి. చాంద్రమానం కాబట్టి రంజాను ఏటా పదకొండు రోజులు ముందుకు జరుగుతూ, ఆ పల్లంలోంచి మెల్లగా బయటికి నడిచింది. నవంబరుకు, ఆ తర్వాత అక్టోబరుకు వచ్చింది. డిసెంబరు మొత్తం నాన్నమ్మకు ఖాళీ అయ్యింది. కానీ అప్పటికి ఆవిడ ఓపిక కూడా దిగువకే పోతోంది. ఒక చలికాలంలో చాలా ఉండగలిగితే, మరో చలికాలంలో రెండు మూడే. నేను గుంటూరులో డిగ్రీ, పీజీ చదివి, అక్కడే ఒక జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పే ఉద్యోగంలో చేరాను. ఫోన్ చేసినప్పుడల్లా అడిగేదాన్ని.

"ఇంకా ఎన్నున్నాయి నాన్నమ్మా?"

"కొంచెమే. వచ్చే చలికాలానికి అయిపోతాయి. నువ్వు గీత జాగ్రత్తగా పెట్టుకో."

ఆ వచ్చే చలికాలం ఆవిడకు రాలేదు. మే నెలలో, రెండు రోజుల జ్వరంతో పోయింది. పోయే ముందు రోజు నా చెయ్యి పట్టుకుని, "కాసిన్నే మిగిలాయే, అడిగితే చెప్తాలే, ఎండాకాలం వచ్చి ఆపిందని" అంది. ఆ మాటలో వేళాకోళం ఎంతో, దిగులు ఎంతో నాకు ఇప్పటికీ తెలియదు. దిగులే ఎక్కువని అప్పుడు అనిపించి, బయటికెళ్లి ఏడ్చాను.

ఆ మిగిలిన ఒక్కపొద్దుల సంగతి నాన్న హజ్రత్ గారిని అడిగాడు. ఒక్కో ఒక్కపొద్దుకు ఒక్కో పేదమనిషికి అన్నం పెడితే సరిపోతుందని ఆయన చెప్పారు. నాన్న పెట్టాడు. అక్కడితో ముగిసిందనే అనుకున్నాం.

జూన్ మూడో వారంలో ఇంటికి వెళ్లాను. వాన ఇంకా పడలేదు. మధ్యాహ్నం వేళ కొట్లోకి అడుగుపెడితే పెళ్లివాళ్ల పరుపుల పనిలో ఉన్నాడు నాన్న. మిషను తిరుగుతోంది, ముక్కుకు తువ్వాలు కట్టుకుని ఉన్నాడు, చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. చల్లటి మజ్జిగ ఇచ్చాను. పక్కన పెట్టమన్నాడు. కాసేపటికి వచ్చి చూస్తే గ్లాసు అలాగే ఉంది. మంచినీళ్లు ఇచ్చాను. అవీ పక్కన పెట్టమన్నాడు. పెదాలు తెల్లగా పొట్టు లేచి ఉన్నాయి.

రంజానులోనే నాన్న ఒక్కపొద్దులు అంతంత మాత్రం. దూది దుమ్ముకు గొంతు ఎండుతుందని, నీళ్లు తాగకుండా ఈ పని చేయలేనని ఏటా సగం నెల ఎగ్గొట్టేవాడు. ఏమీ అర్థం కాక లోపలికి వెళ్లి అమ్మను అడిగాను. అమ్మ కళ్లు తుడుచుకుంది. "చెప్తే వినట్లేదే. నువ్వన్నా చెప్పు" అంది.

మళ్లీ కొట్లోకి వెళ్లి మిషను ఆపేశాను.

"నాన్నమ్మవి నువ్వు ఉంటున్నావా?"

తువ్వాలు కిందికి లాగి, తల ఊపాడు.

"హజ్రత్ గారు అన్నం పెడితే చాలన్నారుగా."

"పెట్టాగా. అదీ పెట్టా, ఇదీ ఉంటున్నా. రెండూ చేస్తే అల్లా కాదంటాడా?"

"డిసెంబరు దాకా ఆగొచ్చుగా నాన్నా. ఇప్పుడు శిఖరం మీదున్నాం. ఏడాదిలోకెల్లా పెద్ద రోజులు ఇవే. ఇంకో మూడు వారాలు పోయినా తగ్గవు."

"తెలుసులే. నువ్వు గీసిన గీతేగా."

"మరి?"

నాన్న పరుపు మీద చెయ్యి ఆనించి, ఊపిరి తీసుకున్నాడు.

"మీ నాన్నమ్మ వరసన తీర్చుకుంటా వచ్చిందమ్మా. ముందు మీ పెద్దత్త కడుపులో ఉన్నప్పటివి, తర్వాత మీ చిన్నత్తవి, తర్వాత మీ పెదనాన్నవి. ఆఖరున పుట్టింది నేను. ఈ మిగిలినయి నన్ను మోసేటప్పుడు మానేసినయి. వాటికి కూడా చిన్న రోజులు వెతుక్కోమంటావా?"

మిషను మళ్లీ ఆన్ చేసి, సాయంత్రం దాకా నాన్న పక్కన కూర్చుని పరుపు గుడ్డ పట్టుకున్నాను.